పళ్ల కుర్చీలో భయం

యానాం ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ ఏలుబడిలో ఉన్న రోజులవి. 1867లో గార్డ్‌నర్ కోల్టన్ అనే అమెరికన్ పారిస్‌లో ఒక గ్యాసు మహిమ చూపించాడు. అది నైట్రస్ ఆక్సైడ్. పీలిస్తే నవ్వొస్తుంది, పన్ను పీకినా నొప్పి తెలియదు. చక్రవర్తిగారి పళ్ల డాక్టరు థామస్ ఎవాన్స్ ఆ పని నేర్చుకుని, మరుసటేడు లండన్ వైద్యులకు చేసి చూపాడు.

అంతకు చాలా ముందే, 1844 డిసెంబరులో, ఇదే కోల్టన్ ప్రదర్శనలో గ్యాసు పీల్చిన ఒకతను కాలికి దెబ్బ తగిలినా గమనించలేదు. అది కనిపెట్టిన పళ్ల డాక్టరు హొరేస్ వెల్స్ మర్నాడే గ్యాసు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. మరుసటి నెలలో బోస్టన్‌లో నలుగురి ముందు చేయబోతే రోగి అరిచాడు. జనం మోసమంటూ ఎగతాళి చేశారు. వెల్స్ తర్వాత క్లోరోఫాం అనే మరో మత్తుమందుకు బానిసై 1848లో ప్రాణం తీసుకున్నాడు.

ఆ క్లోరోఫాం మీద వైద్యుల్లో రేగిన తగువు తీర్చే బాధ్యత మన హైదరాబాద్ నెత్తికెత్తుకుంది. అది పీల్చినవాళ్లు ఉన్నట్టుండి చనిపోతుంటే, ఆగేది గుండెనా, ఊపిరా అన్నది తేలలేదు. ఊపిరేనని రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇస్తే, 1889లో లాన్సెట్ అనే వైద్య పత్రిక లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి ఇక్కడికి పంపింది. వందలాది మూగజీవాలను బలిచ్చి, లారీ మాటే నిజమని తేల్చారు. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లోనే క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరింది.

లారీ నిజాయితీని శంకించను గానీ, ఆ పరీక్షలు ఎక్కువగా మోతాదు మించినప్పటి సంగతే చెప్పాయి. పళ్ల కుర్చీలో జరిగేది వేరు. బెదిరిపోయిన మనిషికి, చిన్నపనే కదా అని, కాస్త క్లోరోఫాం చూపించేవారు. భయానికి ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది. మత్తు పలచగా ఉన్నప్పుడు ఆ రెండూ కలిస్తే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద పరీక్షించి చూపాడు. భయాన్ని పిరికితనమని కొట్టిపారేసే పెద్దలు ఈ ముక్క గమనించాలి.

ఇప్పటి పద్ధతి ఆ భయాన్నే ముందు పట్టుకుంటుంది. ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి, ఆక్సిజన్‌తో కలిపి నైట్రస్ ఆక్సైడ్‌ను కొద్దికొద్దిగా పెంచుతారు. ఆక్సిజన్ 30 శాతానికి తగ్గకుండా యంత్రమే అడ్డుకుంటుంది. నిద్ర పట్టదు, డాక్టరు పిలిస్తే పలుకుతారు, నోరు తెరవమంటే తెరుస్తారు. చిగుళ్లకు మత్తు సూది తప్పదు, కాకపోతే సూదిని చూసి వణకరు. పని అయ్యాక కాసేపు ఒట్టి ఆక్సిజన్ పీలిస్తే ఆ మైకం దిగిపోతుంది.

గర్భిణులు, విటమిన్ బి12 తక్కువైనవారు ముందే చెప్పాలి. జలుబుతో ముక్కు దిబ్బడేసినవాళ్లు మాత్రం మరో రోజు రావలసిందే.