పెళ్లి పనులకు ఎంత టైం కావాలి? ముహూర్తం ఖాయం చేసే ముందే ఈ లెక్కలు చూసుకోండి..

సంబంధం కుదిరింది. తాంబూలాలు మార్చుకున్నారు. స్వీట్ బాక్సులు ఇంకా ఖాళీ కాకముందే పంతులుగారి ఫోన్.. 'నలభై రోజుల్లో మంచి ముహూర్తం ఉందండీ, అది దాటితే మళ్లీ మూడు నెలలు ఆగాలి' అని. అక్కడి నుంచి ఇంట్లో తర్జనభర్జన మొదలు. నలభై రోజుల్లో పెళ్లి చేయగలమా? చేయొచ్చు. కానీ ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో తెలిసి దిగడం వేరు.. తెలియక దిగి, చివరి వారంలో అడిగిన రేటల్లా ఇచ్చి, ఆ డబ్బు వడ్డీకి తెచ్చుకోవడం వేరు.

సింపుల్‌గా చెప్పాలంటే.. సిటీలో ఐదారు వందల మంది అతిథులతో ఫంక్షన్ హాల్‌లో చేసే పెళ్లికి ఆరు నెలలు ఉంటే నిమ్మళం. మూడు నెలలున్నా సరిపోతుంది. నెలన్నర అంటే మాత్రం పరుగే. ఊళ్లో ఇంటి ముందు పందిరి వేసి చేసే పెళ్లి అయితే లెక్క మారుతుంది. హాల్ వెతుక్కునే పని లేదు, వంటవాళ్లు తెలిసినవాళ్లే, చుట్టాలు వారం ముందే దిగుతారు. అక్కడ పదిహేను, ఇరవై రోజుల్లో కూడా పెళ్లి బ్రహ్మాండంగా జరిగిపోతుంది.

అసలు టైం తినేది ముహూర్తమే..

క్యాలెండర్‌లో పన్నెండు నెలలు కనిపిస్తాయి కానీ పెళ్లిళ్లకు దొరికేవి అన్ని కావు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం.. ఈ నెలల్లో మన దగ్గర సాధారణంగా పెళ్లిళ్లు పెట్టుకోరు. అధిక మాసం వస్తే అదీ పోయింది. దానికి తోడు మూఢం. గురు, శుక్ర గ్రహాలు సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చి కంటికి కనిపించకుండా పోయే రోజులను మూఢం అంటారు. నమ్మకం ఉన్న ఇళ్లలో ఆ రోజుల్లో శుభకార్యాల ఊసే ఉండదు. 2024 వేసవి గుర్తుందా? ఏప్రిల్ ఆఖరులో శుక్ర మూఢం మొదలైంది. అది అయ్యేసరికి ఆషాఢం వచ్చింది. ఆగస్టులో శ్రావణం మొదలయ్యే దాకా ముహూర్తాలు దాదాపు లేకుండా పోయాయి. పిల్లలకు సెలవులున్న మే నెలంతా కల్యాణ మండపాలు బోసిపోయాయి.

2026 విషయానికొస్తే.. మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. తర్వాత నిజ జ్యేష్ఠం ఓ నెల. జులై 15 నుంచి మళ్లీ ఆషాఢం. అంటే వేసవిలో దొరికే రోజులు కొద్దే. పైగా జ్యేష్ఠంలో ఇంకో పట్టింపు.. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇద్దరూ ఇంటికి పెద్ద సంతానమైతే ఆ నెలలో చేయరు. ఇంకొకటి, చాలామంది చివరి దాకా ఆలోచించనిది. ఆషాఢానికి వారం ముందు పెళ్లయితే, కొత్త కోడలు అత్తారింట్లో సర్దుకోకముందే పుట్టింటికి రావాలి. ఆ ఆనవాయితీ పాటించే ఇళ్లవాళ్లు ముందే మాట్లాడుకోవడం మంచిది.

ముహూర్తాలు తక్కువైతే ఏమవుతుంది? ఆ నాలుగు రోజుల మీదే అందరూ పడతారు. ఒకే రాత్రికి అదే హాల్, అదే క్యాటరింగ్, అదే సన్నాయి మేళం, చివరికి అదే పంతులుగారు. రేటు పెరిగేది అక్కడే. అందుకే ఒక ముహూర్తం ఖాయం చేసుకుని తర్వాత హాల్ వెతకడం కాదు.. పంతులుగారిని రెండు మూడు ముహూర్తాలు అడిగి పెట్టుకోండి. ఆ తేదీల్లో హాల్ ఎక్కడ ఖాళీగా ఉందో ఫోన్‌లో కనుక్కోండి. ఆ తర్వాతే లగ్న పత్రిక రాయించండి. ఈ ఒక్క పని తిరగేసి చేసినందుకే చాలా ఇళ్లలో బడ్జెట్ చేయి దాటిపోతుంది.

హాల్ వాళ్లను అద్దె ఒక్కటే అడిగి వచ్చేయకండి. ముహూర్తం రాత్రి రెండు గంటలకైతే అది ఏ రోజు అద్దె కిందకు వస్తుంది? కరెంటు బిల్లు మీటర్ చూసి వేస్తారా, అద్దెలో కలిసే ఉందా? జనరేటర్ డీజిల్ ఎవరిది? వంట బయటివాళ్లతో చేయించుకోనిస్తారా? అన్నిటికన్నా ముఖ్యం.. పెళ్లి వాయిదా పడితే అడ్వాన్స్ సంగతేంటి? ఇంట్లో పెద్ద ప్రాణం పోతే చాలా కుటుంబాల్లో ఏడాది దాకా శుభకార్యం చేయరు. మంచం పట్టిన నానమ్మ కళ్లారా చూడాలనే తొందరగా పెళ్లి పెట్టుకునే ఇళ్లు ఎన్నో. అలాంటప్పుడు 'అనుకోనిది జరిగితే తేదీ మార్చుకోవచ్చు' అన్న ముక్క రసీదు మీద రాయించుకోవాలి. నోటిమాటగా చెప్పింది ఆ రోజు ఎవరికీ గుర్తుండదు.

చీర గంటలో.. జాకెట్టు నెలలో

నవ్వొచ్చినా నిజం ఇదే. పెళ్లి చీర ఒక పూటలో కొనేయొచ్చు. దాని మీదకు మగ్గం వర్క్ జాకెట్టు కావాలంటే మాత్రం సీజన్‌లో మూడు, నాలుగు వారాలు పెట్టుకోవాలి. ఆ తర్వాత కొలతలు సరిచేయడానికి ఇంకో వారం. నేరుగా నేతన్న దగ్గర చెప్పి నేయించుకుంటే ఇంకా ముందు కదలాలి. పోచంపల్లి ఇక్కత్‌లో డిజైన్ ప్రకారం ముందు నూలుకు ముడులు కట్టి, రంగులు అద్ది, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తారు. ఉప్పాడ జాందానీలో ఒక్కో పువ్వును చేత్తో అల్లుకుంటూ పోవాలి. పనితనాన్ని బట్టి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తొందరపెడితే అయ్యే పని కాదది.

బంగారం విషయంలో 'రేటు తగ్గుతుందేమో' అని ఆఖరి వారం దాకా ఆగేవాళ్లే ఎక్కువ. తగ్గుతుందో లేదో ఎవరి చేతుల్లోనూ లేదు. పుస్తెలు, నల్లపూసలు చేయించడానికి మాత్రం రోజులు కావాలి. చాలా ఇళ్లలో పుస్తెల్లో ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది కాబట్టి ఇరువైపులా మాట్లాడుకోవాలి. కొనేటప్పుడు ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ నంబర్ ఉందో లేదో చూసుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలకు అది తప్పనిసరి.

శుభలేఖలు, ప్రయాణాలు

కార్డులు పెళ్లికి రెండు నెలల ముందే చేతికి వస్తే మంచిది. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. 2024 నవంబర్‌కు ముందు 120 రోజులు ఉండేది. విశాఖ నుంచి హైదరాబాద్ పెళ్లికి రావాల్సిన చుట్టాలకు వాట్సాప్‌లోనైనా తేదీ ముందే చెప్పేయండి, కార్డు తర్వాత ఇవ్వొచ్చు. తొలి శుభలేఖ తిరుమల శ్రీవారికి పంపే అలవాటు ఉన్నవాళ్లు తిరుపతిలోని టీటీడీ కార్యనిర్వహణాధికారి ఆఫీసుకు పోస్ట్ చేస్తే అక్షింతలు, పసుపు కుంకుమ, కంకణం ఇంటికి వస్తాయి. నెల ముందే పంపితే ముహూర్తానికి చేతిలో ఉంటాయి.

ఖర్చు అస్సలు వద్దనుకుంటే తిరుమల కల్యాణ వేదిక ఉంది. 2016 నుంచి అక్కడ టీటీడీ ఉచితంగా పెళ్లిళ్లు చేయిస్తోంది. పురోహితుడు, మంగళ వాద్యం వాళ్లే ఇస్తారు. ముందుగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. అన్నవరం కొండ మీద చేసుకునేవాళ్లూ మన దగ్గర తక్కువేం కాదు.

చట్టం పెట్టే గడువు..

అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. ఇందులో 'ఇంకో రెండు నెలలే కదా' అనే బేరాల్లేవు. వేర్వేరు మతాల వాళ్లు 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలంటే ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. అక్కడి నుంచి ఇంకో 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికే. సాక్షులు ముగ్గురు కావాలి. కాబట్టి ఎంత సింపుల్‌గా చేసుకున్నా నెల రోజులు తప్పవు.

తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద వచ్చే రూ.1,00,116 మీద ఆశ పెట్టుకునే కుటుంబాలకు ఒక మాట. ఆ చెక్కు పెళ్లి ఖర్చుకు అందుతుందని లెక్కేసుకోకండి. పత్రాల పరిశీలన అయ్యాక, చాలామందికి పెళ్లి అయిపోయిన తర్వాతే వస్తుంది. ఆ డబ్బు చూపించి ముందే అప్పు తేవడం ప్రమాదం.

ఇక ఫారిన్ సంబంధాలు. అబ్బాయికి సెలవు మూడు వారాలే. వచ్చిన వారంలో పెళ్లిచూపులు, రెండో వారంలో పెళ్లి, మూడో వారంలో ఫ్లైట్. హాల్, భోజనాలు, ఫొటోలు అన్నీ డబ్బుతో పది రోజుల్లో కుదురుతాయి. కుదించకూడనిది ఒక్కటే.. వాకబు. ఉద్యోగం నిజమేనా, వీసా ఏంటి, ఇదివరకు పెళ్లి అయ్యిందా అన్నది అక్కడున్న తెలుగువాళ్ల ద్వారా కనుక్కోవడానికి టైం పడుతుంది. అబ్బాయి ఇండియాకు రాకముందే ఆ పని అయిపోవాలి. 'సెలవు లేదు, ఈ ముహూర్తానికే కానిచ్చేద్దాం' అని అవతలివాళ్లు మరీ తొందరపెడుతుంటే అమ్మాయి తల్లిదండ్రులు ఒక్క అడుగు వెనక్కి వేయడంలో తప్పు లేదు.

మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా ఆ మూడు వారాల్లోనే రావాలి. డిపెండెంట్ వీసాకు అది లేకుండా పని జరగదు. కార్డుల్లో ఐదారు విడిగా దాచుకోండి, ఫొటోగ్రాఫర్‌ను తాళి కట్టే ఫొటోలు రెండు మర్నాడే ప్రింట్ తీసివ్వమని ముందే చెప్పండి. వయసు, చిరునామా ధ్రువపత్రాలు, సాక్షుల ఆధార్ కాపీలు ఒకే ఫైల్‌లో పెట్టుకుని, పెళ్లయిన మొదటి పనిదినానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. సాక్షులుగా వచ్చే చుట్టాలు అప్పటికి తిరుగు ప్రయాణం కట్టేస్తారు కాబట్టి వాళ్ల టికెట్ ఒక్కరోజు వెనక్కి వేయించండి.