మొర వినే సంఘము

వాక్యభాగము: లూకా 18:1–8



ప్రభువు చెప్పిన ఉపమానములో ఒక విధవరాలు ఉంది, ఒక న్యాయాధిపతి ఉన్నాడు. ఆమె మాటిమాటికీ వచ్చి న్యాయము అడిగింది. అతడు చివరికి విన్నాడు. జాలిపడి కాదు, ఆమె రాకపోకలు భరించలేక విన్నాడు. దేవుడు అలాంటివాడు కాడని ప్రభువు మనకు నేర్పించాడు. అయితే దేవుని ప్రజలమైన మన సంగతి ఏమిటి? బాధలో ఉన్నవారు మన వాకిట ఎన్నిసార్లు నిలబడితే మనం వింటాము? ఈ ప్రశ్నకు మన ప్రాంత చరిత్రలో జవాబు వెదుకుదాము.

నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఇశ్రాయేలీయుల కష్టమును చెప్పేటప్పుడు మన తెలుగు బైబిలులో "వెట్టి" అనే మాట వాడారు. ఆ మాటకు అర్థము మన తాతలకు ఎవరూ చెప్పనక్కరలేదు. నిజాం పాలనలో చాకలి దొర ఇంటి బట్టలు ఊరకే ఉతకాలి. కుమ్మరి కుండలు ఇవ్వాలి. గొల్లలు గొర్రెను ఇవ్వాలి. మాదిగలు చెప్పులు, మోకులు కుట్టి ఇవ్వాలి. కూలి అడిగితే దెబ్బలు మిగిలేవి.

అలాంటి కాలములో 1909లో డోర్నకల్‌కు ఒక తమిళుడు వచ్చారు. ఆయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళైలో 1874లో పుట్టారు. మన భాష ఆయనది కాదు. తెలుగు నేర్చుకొన్నారు. మాల మాదిగ పల్లెల్లో తిరిగారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన నిర్భయముగా మాట్లాడారు. మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత చెబుతూనే, మాకు స్నేహితులు కూడా కావాలని వారిని అడిగారు. అన్నము పెట్టే చెయ్యి గొప్పదే. కాని పక్కన కూర్చుని మాట వినే మనిషి దొరకడం ఇంకా అరుదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషపుగా అభిషేకము జరిగింది. ఆంగ్లికన్ సంఘములో బిషపు అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్ ఈనాటికీ నిలిచి ఉంది. ఊరవతల నిలబెట్టబడినవారు ఆ మందిరములో ఒకే బల్ల యొద్ద మోకరించారు. 1945 జనవరి 1న బిషపు అజరయ్య ప్రభువు నందు నిద్రించారు.

ఆ రోజుల్లోనే, ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తిలో మరొక మొర వినబడింది. చాకలి ఐలమ్మ మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు తీసుకున్న నాలుగెకరాలు సాగుచేస్తోంది. విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి కన్ను ఆ పంటపై పడింది. ప్రియులారా, 1 రాజులు 21వ అధ్యాయములో నాబోతు ద్రాక్షతోటను ఆశించిన అహాబు మీకు గుర్తు రావడం లేదా? ఐలమ్మ ఇంటికి నిప్పుపెట్టారు. కేసులు బనాయించారు. ఆమె లొంగలేదు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు పొలానికి వచ్చి, ఆమెతో కలిసి పంట కోసి, ధాన్యము ఆమె ఇంటికి చేర్చారు. 1946 జూలై 4న ఆ దగ్గరి కడవెండిలో దేశముఖు మనుషులు ఊరేగింపుపై కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య అనే యువకుడు ప్రాణము విడిచాడు. ఆ తరువాత సాగిన సాయుధ పోరాటము 1951 వరకు నడిచింది. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న మరణించింది. 2024లో హైదరాబాదులోని కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

ఆ కాలములో పల్లె జనం ఆంధ్ర మహాసభను ఏమని పిలిచేవారో తెలుసా? "సంఘం" అని. మనము మన కూడికను పిలుచుకునే మాట కూడా అదే! ఐలమ్మ మన విశ్వాసి కాదు. ఆమెకు అండగా నిలిచినవారూ మన మందిరములో కూర్చున్నవారు కారు. హింసాయుధమును మనము ఎత్తుకోము. అయినా ఆ మాట మన మనస్సాక్షిని తట్టాలి. దిక్కులేని మనిషి "సంఘము ఉంది, నా మాట వింటుంది" అనుకొన్నప్పుడు, ఆ ధైర్యము మన సంఘమును చూసి కూడా కలగాలి కదా!

ఆ మొర నేటికీ ఆగలేదు. 2018లో మొదలైన రైతుబంధు సాయము పట్టాదారుకు అందింది గాని, ఐలమ్మలాంటి కౌలుదారుకు అందలేదు. పోడు భూమి కాగితాల కోసం తిరిగే గిరిజన కుటుంబము మహబూబాబాద్, భూపాలపల్లి అడవి అంచుల్లో ఉంది. భూపాలపల్లిలో గని పని దిగి వచ్చిన తండ్రి తన చింతను ఎవరికీ చెప్పుకోలేక మౌనముగా ఉండవచ్చు. మన సంఘములోనే, భర్త పోయిన తరువాత అత్తింటివారు వాటా ఇవ్వని సహోదరి వెనుక చాపమీద కూర్చుని ఉండవచ్చు. ఆమెతో "ప్రార్థన చేసుకో అమ్మా" అని చెప్పి పంపివేయడము సులువు.

సొలొమోను దేవుని అడిగినది, హెబ్రీ మాటను బట్టి చూస్తే, వినే హృదయము. ధనము గాని దీర్ఘాయువు గాని అడగలేదు. న్యాయము తీర్చుటకు మొదట కావలసినది చెవి అని అతడు గ్రహించాడు. కాబట్టి ఈ వారము ఒక్క పని చేద్దాము. బాధలో ఉన్న ఒకరి ఇంటికి వెళ్లి, వాక్యము చెప్పడానికి ముందు వారి మాట పూర్తిగా విందాము. చదువు వచ్చినవారు వారి కాగితము చదివి పెట్టండి. వీలున్నవారు తహశీల్దారు కార్యాలయానికి తోడు వెళ్లండి. అర్జీ రాసి ఇవ్వండి. ఆ తరువాత కలిసి మోకరించండి. అప్పుడు మన ప్రార్థనకు కాళ్లు వస్తాయి.

ఐగుప్తులో తన ప్రజల బాధ చూచి, మొర విని, దిగివచ్చిన దేవుడు మనకు తన చెవులను అనుగ్రహించును గాక. ఆమేన్.