గాయకుడు ఆలస్యంగా వచ్చిన ఆల్బమ్

డ్రీమ్ థియేటర్ అభిమానుల్లో చాలామంది ఆ బ్యాండ్‌ని 1992లో వచ్చిన ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ నుంచే లెక్కపెడతారు. అంతకు మూడేళ్ల ముందే వాళ్ల తొలి ఆల్బమ్ ‘వెన్ డ్రీమ్ అండ్ డే యునైట్’ వచ్చింది. అది బాగున్నచోట చాలా బాగుంటుంది, తేలిపోయినచోట పూర్తిగా తేలిపోతుంది. కారణం వెతకాలంటే 1985 దాకా వెళ్లాలి.

గిటారిస్టు జాన్ పెట్రూచి, బేస్ వాయించే జాన్ మ్యూంగ్ న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో చిన్ననాటి స్నేహితులు. బోస్టన్‌లోని బెర్క్‌లీ సంగీత కళాశాలలో చేరాక డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నోయ్ జత కలిశాడు. రష్ కచేరీ టికెట్ల కోసం క్యూలో నిలబడి ఆ బ్యాండ్ పాటలే వింటూ, ‘బాస్టీల్ డే’ ముగింపులో రాజసం ఉందని పోర్ట్‌నోయ్ అన్నాడట. అలా బ్యాండ్ పేరు ‘మెజెస్టీ’ అయింది. కీబోర్డుకి కెవిన్ మూర్, పాడటానికి క్రిస్ కాలిన్స్ వచ్చారు. 1986లో తెచ్చిన డెమో టేపులు వెయ్యి కాపీలూ ఆర్నెల్లలో చెల్లిపోయాయి. అదే ఏడాది చివర్లో కాలిన్స్ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏడాదిపాటు సరైన గాయకుడు దొరకలేదు. వాద్యాలు వాయించేవాళ్లు మాత్రం సాధన ఆపలేదు. అసలు మెలిక ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది. 1987 చివర్లో ఛార్లీ డొమినిసి వచ్చేసరికి నలుగురికీ ఒకరి చేయి ఒకరికి కంఠతా వచ్చేసింది. ఆయన పెట్రూచి కన్నా పదహారేళ్లు పెద్ద, మెత్తని పాప్ గొంతు. లాస్ వేగస్‌లో ‘మెజెస్టీ’ పేరుతోనే ఉన్న ఇంకో బ్యాండ్ కోర్టుకెక్కుతామని బెదిరించడంతో పేరూ మార్చాల్సి వచ్చింది. కాలిఫోర్నియా మాంటెరేలో ఒకప్పుడు ఉన్న ఒక సినిమా హాలు పేరు ‘డ్రీమ్ థియేటర్’. దాన్ని సూచించింది పోర్ట్‌నోయ్ తండ్రి.

1988లో ఎంసీఏ కింద ఉన్న మెకానిక్ రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరింది. పెన్సిల్వేనియాలో గ్లాడ్‌విన్‌లోని స్టూడియోలో, నిర్మాత టెర్రీ డేట్ సాయంతో, మొత్తం పని సుమారు మూడు వారాల్లో తెమిల్చేశారు. ఆ హడావుడి చెవికి తెలిసిపోతుంది. డ్రమ్స్ ఖాళీ గోడౌన్‌లో మోగుతున్నట్టుంటాయి, మ్యూంగ్ బేస్‌ని వెతుక్కోవాలి. తర్వాత పాంటేరా బ్యాండ్‌కి అంత దిట్టమైన ధ్వని తెచ్చింది ఈ టెర్రీ డేటే కాబట్టి తప్పంతా ఆయన మీదకి నెట్టలేం.

1989 మార్చి 6న విడుదలైన ఆల్బమ్‌లో ఎనిమిది పాటలు. అన్నిట్లోకీ పైచేయి ‘ది వైట్సీ జామ్’ది. పాత పేరు ‘మెజెస్టీ’ అక్షరాల్ని వెనక నుంచి చదివితే వచ్చిన పేరది. అందులో మాటలే లేవు! గిటారూ కీబోర్డూ ఒకే పరుగుని జమిలిగా అందుకుంటాయి, లెక్క ఎక్కడ మారినా డ్రమ్స్ తడబడవు. గొంతు లేనిచోట బ్యాండ్ ఇంత హాయిగా ఊపిరి తీసుకోవడం గాయకుడికి మంచి శకునం కాదు. ‘స్టేటస్ సీకర్’లో రేడియో మీద ఆశ దాచినా దాగలేదు. డొమినిసి గొంతు సరిగ్గా ఒదిగింది కూడా, విచిత్రంగా, అందులోనే. అయిదు భాగాల ‘ది కిల్లింగ్ హ్యాండ్’లో మాత్రం వాద్యాలు కొండెక్కుతుంటే గొంతు ఆయాసపడుతుంది. చివరి పాట ‘ఓన్లీ ఎ మ్యాటర్ ఆఫ్ టైమ్’లో మూర్ కీబోర్డు వింటే ముందు ముందు రాబోయే డ్రీమ్ థియేటర్ ఏమిటో అర్థమవుతుంది.

కంపెనీ ఇచ్చిన మాటల్లో చాలావరకు నిలబెట్టుకోలేదు. టూర్ అయిదు కచేరీలతో సరి, అవీ న్యూయార్క్ చుట్టుపక్కలే. కొద్దికాలానికే డొమినిసిని బ్యాండ్ నుంచి తప్పించారు. సుమారు రెండు వందలమందిని పరీక్షించాక 1991లో కెనడా నుంచి జేమ్స్ లబ్రీ దొరికాడు. ఆయన పాడిన ‘పుల్ మీ అండర్’ రేడియోల్లో మోగాక, తొలి ఆల్బమ్ వెతుక్కుని కొనేవాళ్ల వంతుకు వచ్చింది.

2004 మార్చి 6న, సరిగ్గా పదిహేనేళ్లకు, లాస్ ఏంజెలెస్ పాంటేజెస్ థియేటర్‌లో ఆల్బమ్ మొత్తం మళ్లీ వాయించారు. పాడింది లబ్రీ. పాటల్లో లోపం లేదని ఆ కచేరీ రికార్డింగు వింటే ఒప్పుకోవాల్సిందే. అదనపు పాటల దగ్గర డొమినిసిని వేదిక మీదికి పిలిచారు. ఆయన గొంతు కలిపినవాటిలో ఒకటి ‘మెట్రోపొలిస్’, తన తర్వాత వచ్చిన గాయకుడి తొలి ఆల్బమ్‌లోది.