కొత్త ప్రధానోపాధ్యాయుల తొలి బాధ్యత: పట్టీలో లేని పిల్లలను లెక్కించడం

సూరత్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, తాపీ నదీ తీరాన, ముంబయి-అహ్మదాబాద్ జాతీయ రహదారిని ఆనుకుని కామ్‌రేజ్ తాలూకా కేంద్రం ఉంది. దీనికి ఒకవైపు చెరకు తోటలు, సహకార చక్కెర కర్మాగారం ఉన్నాయి. మరోవైపు వజ్రాల సానకూ వస్త్ర పరిశ్రమకూ పేరుపడిన సూరత్ నగరం ఏటేటా విస్తరిస్తూ వస్తోంది. రెండు వైపులా పని ఉన్నందువల్ల ఇక్కడికి వచ్చే కుటుంబాలు, ఇక్కడినుంచి వెళ్ళే కుటుంబాలు ఎక్కువ. వారితో పాటే పిల్లలూ బడులు మారుతుంటారు. ఇటువంటి చోట ప్రధానోపాధ్యాయ పదవి చేపట్టేవారికి నాయకత్వ పాఠాలు పుస్తకాల కంటే ముందుగా ప్రవేశాల రిజిస్టరులో ఎదురవుతాయి.

గుజరాతీలో పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి 'ఆచార్య' అని వ్యవహరిస్తారు. తెలుగువారికి ఆ మాట వినగానే విశ్వవిద్యాలయం స్ఫురిస్తుంది. ప్రాథమిక పాఠశాలలో ఈ పదవికి గుజరాత్ ప్రభుత్వం ప్రత్యేక అర్హత పరీక్ష నిర్వహిస్తోంది. హెచ్‌టాట్ అనే పేరుతో అది అక్కడి ఉపాధ్యాయ లోకానికి సుపరిచితం. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లలు 150 మందికి మించినప్పుడు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 100 మందికి మించినప్పుడు పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. అంతకన్నా చిన్న బడుల్లో ఉన్న ఉపాధ్యాయుల్లోనే ఒకరు బాధ్యత మోస్తారు. తెలుగు రాష్ట్రాల్లోనూ ఏకోపాధ్యాయ పాఠశాలలో బోధన, కార్యాలయం, మధ్యాహ్న భోజనం అన్నీ ఒక్కరి మీదే పడుతున్నాయి.

బాధ్యతల స్వీకారం నాడు సాధారణంగా జరిగేది పూలమాల, ఫొటో, చార్జి జాబితా మీద సంతకం. మొదటి రెండింటి వల్ల ఇబ్బంది లేదు. మూడోదాని విషయంలో తొందర పనికిరాదు. నగదు పుస్తకం, బ్యాంకు నిల్వ, స్టాక్ రిజిస్టరు, బియ్యం నిల్వ, కంప్యూటర్ల సంఖ్య కళ్ళారా సరిచూసుకోకుండా సంతకం చేస్తే, రెండేళ్ళ తరువాత వచ్చే ఆడిట్ అభ్యంతరానికి జవాబు చెప్పవలసింది కొత్తగా వచ్చినవారే. పాతవారి మీద గౌరవం వేరు, లెక్క వేరు. లేని వస్తువు లేదని ఆనాడే రాయించుకోవడంలో ఎవరినీ అవమానించినట్లు కాదు.

ఇంతకంటే ముఖ్యమైన లెక్క పిల్లలది. హాజరు పట్టీలో పేరుండీ బడికి రానివారు ఎందరు, బడి పరిసరాల్లో నివసిస్తూ ఏ పట్టీలోనూ లేనివారు ఎందరు అన్న రెండు సంఖ్యలు మొదటి నెలలోనే కొత్త ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉండాలి. దీపావళి తరువాత దక్షిణ గుజరాత్ చెరకు పొలాల్లోకి డాంగ్, తాపీ జిల్లాల నుంచీ, మహారాష్ట్రలోని నందుర్‌బార్, ధూలే ప్రాంతాల నుంచీ కోత కూలీలు కుటుంబాలతో వస్తారు. వేసవి ఆరంభం దాకా గుడిసెల్లో ఉండి, కోత ముగిశాక వెళ్ళిపోతారు. వారి పిల్లలకు సొంత ఊరి బడిలో పేరు ఉంటుంది కాని ఆ ఆరు నెలలూ మనిషి ఉండడు. ఇక్కడ మనిషి ఉంటాడు కాని పేరు ఉండదు. ఈ పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద గుజరాత్‌లో మైగ్రేషన్ కార్డులు, సీజనల్ వసతి గృహాలు, పని జరిగే చోట డేరాల్లో ప్రత్యేక శిక్షణ తరగతులు ఉన్నాయి. అయితే ఏ పొలం గట్టున ఎన్ని గుడిసెలు వెలిశాయో పై కార్యాలయానికి తెలియజేయవలసింది స్థానిక బడే.

చట్టం ఈ విషయంలో ప్రధానోపాధ్యాయులకు పెద్ద వెసులుబాటే ఇచ్చింది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్, విద్యాసంవత్సరం మధ్యలో వచ్చారని వెనక్కు పంపరాదని 15వ సెక్షన్ చెబుతున్నాయి. ఎన్నడూ బడికి వెళ్ళని పిల్లలను, మధ్యలో మానేసినవారిని వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ నిర్దేశిస్తోంది. పదేళ్ళ పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం సులువైన పనే. ఆ పిల్లవాడు వారం తిరగకుండా రావడం మానేస్తాడన్నది ఉపాధ్యాయులందరికీ అనుభవమే.

ఇక టీసీ సంగతి. గుజరాత్‌లో దీన్ని లీవింగ్ సర్టిఫికెట్ అనీ, ముద్దుగా ఎల్‌సీ అనీ అంటారు. చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం బడి మారే పిల్లలకు ప్రధానోపాధ్యాయులు దీన్ని వెంటనే ఇవ్వాలి. ఇవ్వడంలో జాప్యం చేసినవారు క్రమశిక్షణ చర్యకు గురవుతారు. అది రాలేదన్న సాకుతో కొత్త బడి ప్రవేశాన్ని ఆపడానికి వీల్లేదు. ఈ నిబంధనను చాలామంది చదివి ఉండరు. చదివినవారిలోనూ కొందరు పిల్లల సంఖ్య తగ్గితే పోస్టు పోతుందన్న భయంతో కాగితాన్ని బీరువాలోనే ఉంచుతారు. ఇప్పుడు కాగితానికి తోడు యూడైస్ ప్లస్ నమోదు ఉంది. పాత బడి పిల్లవాడి వివరాలను అందులోని డ్రాప్ బాక్స్‌కు పంపితే గాని కొత్త బడి తన ఖాతాలోకి తీసుకోలేదు. పాత బడి ఒక్క మీట నొక్కకపోతే పిల్లవాడు కొత్త బడిలో కూర్చున్నా లెక్కలో ఉండడు. వారంలో ఒక నిర్ణీత రోజు ఈ పనికి కేటాయించుకున్న ప్రధానోపాధ్యాయులకు ఫిర్యాదులు తక్కువ.

సూరత్‌లోని తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని మీద వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లోనూ బడులు నడుపుతోంది. కామ్‌రేజ్ తాలూకా పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు నగరపాలక సంస్థ పరిధిలో లేవు. అవి జిల్లా పంచాయతీ విద్యా విభాగం కింద పనిచేస్తాయి. కాబట్టి కరీంనగర్ వైపు నుంచి నాలుగో తరగతి మధ్యలో వచ్చిన తెలుగు పిల్లవాడు గుజరాతీ తరగతిలో మౌనంగా కూర్చుంటే, ఆ మౌనాన్ని మందకొడితనంగా లెక్కగట్టకుండా చూడడం ప్రధానోపాధ్యాయుల పని. లెక్కలు ఏ భాషలో వేసినా లెక్కలే కనుక, ముందుగా గణితంలో అతని స్థాయి తెలుసుకోవచ్చు.

తెలుగు నేలమీద ఇదే కథ తిరగబడి కనిపిస్తుంది. తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. వారి పిల్లలకు బట్టీల దగ్గర ఒడియాలో పాఠాలు చెప్పే ఏర్పాట్లు జరిగాయి. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి మిరప, పత్తి పనులకు గుంటూరు వైపు వెళ్ళేవారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు నడిచాయి. పిల్లలను వసతి గృహంలో ఉంచి వెళ్ళమని తల్లిదండ్రులను ఒప్పించే భారం అక్కడి ప్రధానోపాధ్యాయులదే. అదీ ప్రయాణానికి రెండు వారాల ముందు చెబితేనే ఫలిస్తుంది. లారీ ఎక్కే రోజున చెబితే వినేవారుండరు.

సహోపాధ్యాయులతో వ్యవహారం మరింత సున్నితమైనది. నిన్నటిదాకా ఒకే బల్ల దగ్గర టీ తాగినవారు నేడు సెలవు చీటీ తెచ్చి ఎదుట నిలబడతారు. తొలి వారంలోనే కాలపట్టిక మార్చి, గోడలకు రంగులు వేయించి, సమావేశాల మీద సమావేశాలు పెట్టే ఉత్సాహం సహజం. కనీసం మొదటి త్రైమాసికం వరకు దాన్ని అదుపులో ఉంచుకోవడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆ సమయంలో ప్రతి తరగతిలోనూ వెనక బెంచీలో అరగంట కూర్చోవచ్చు, వారానికి కొన్ని పీరియడ్లు తామే బోధించవచ్చు. తప్పులు రాసుకునే పుస్తకంతో వచ్చినవారికీ, పాఠం వినడానికి వచ్చినవారికీ తేడా ఉపాధ్యాయులు తొలి ఐదు నిమిషాల్లోనే పసిగడతారు. అయితే రెండు విషయాల్లో జాప్యం కూడదు. పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పడం 28వ సెక్షన్ కింద నిషిద్ధం. ఈ రెండూ మొదటి సమావేశంలోనే అందరి ముందూ స్పష్టంగా చెప్పవలసినవి.

భద్రత విషయంలో ఎదురుచూపులు అసలే తగవు. సూరత్ నుంచి కామ్‌రేజ్ వెళ్ళే దారిలోనే సర్థాణా ఉంది. అక్కడి తక్షశిల వాణిజ్య సముదాయంలో 2019 మే 24న మంటలు చెలరేగినప్పుడు పై అంతస్తులో కోచింగ్ తరగతులు జరుగుతున్నాయి. బయటపడే దారి లేక కొందరు కిందికి దూకారు. మొత్తం 22 మంది విద్యార్థులు మరణించారు. 2024 జనవరి 18న వడోదర హర్ణీ చెరువులో విహారయాత్ర పడవ బోల్తాపడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు ప్రాణాలు కోల్పోయారు. పరిమితికి మించి ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. మెట్ల దారిలో విరిగిన బల్లలు పేర్చి ఉన్నాయా, మంటలార్పే సిలిండరు గడువు ఎప్పటిది, రెండో ద్వారం తాళం చెవి ఎవరి దగ్గర ఉంది అన్నవి చేరిన రోజే చూడవలసినవి. పగుళ్ళిచ్చిన గది ఉంటే దాన్ని మూసివేసి, లిఖితపూర్వకంగా పై అధికారులకు తెలియజేసి, ఆ లేఖ నకలు బడిలో భద్రపరచాలి.

వంటగదిదీ అంతే ప్రాముఖ్యం. బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో 2013 జులై 16న పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. 2016లో న్యాయస్థానం ఆ బడి ప్రధానోపాధ్యాయురాలిని దోషిగా నిర్ధారించింది. పిల్లలకు వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నిబంధన రిజిస్టరులో సంతకం కోసం పెట్టింది కాదు. నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి భయం లేకుండా వచ్చి చెప్పగలిగే వాతావరణం కూడా ప్రధానోపాధ్యాయులే కల్పించాలి.

శిక్షణకు అవకాశాలు లేకపోలేదు. నీపా ఆధ్వర్యంలోని జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం, జిల్లా విద్యాశిక్షణ సంస్థలు, 2019లో మొదలైన నిష్ఠా కార్యక్రమం అందుబాటులో ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం ప్రధానోపాధ్యాయులకూ ఏటా 50 గంటల వృత్తిశిక్షణను నిర్దేశించింది. అంతకంటే దగ్గరి సహాయం పక్క ఊరి అనుభవజ్ఞులైన ప్రధానోపాధ్యాయుల ఫోన్ నంబరు.

చివరగా పాఠశాల యాజమాన్య కమిటీ. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలని 21వ సెక్షన్ చెబుతోంది. కూలికి పోయే తల్లిని ఉదయం 11 గంటలకు సమావేశానికి పిలిస్తే వచ్చేది వేలిముద్ర మాత్రమే, మనిషి కాదు. సాయంత్రం పెడితే మాట కూడా వస్తుంది. ఈ కమిటీ మూడేళ్ళ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి. కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందు, అంటే డిసెంబరు నెలాఖరుకు అది సిద్ధం కావాలి. కామ్‌రేజ్ చుట్టుపక్కల ఆ నాటికి చెరకు కోత ముమ్మరంగా సాగుతుంటుంది, గుడిసెల్లో పిల్లలు ఉంటారు. వారిని కూడా లెక్కించి ప్రణాళికలో చేర్చడానికి అదే అదను.