ముజిరిస్ ఓడలో జటామాంసి

క్రీ.శ. 2వ శతాబ్దం నడుమ కేరళలోని ముజిరిస్ రేవులో హెర్మపోలన్ అనే ఓడకు సరుకు ఎక్కించారు. ఏనుగు దంతాలతో పాటు 60 పెట్టెల గంగా నార్డ్. ఆ లెక్క రాసిన పపైరస్ నేటికీ వియన్నాలో ఉంది.

ఆ నార్డే మన పచారీ కొట్లో దొరికే జటామాంసి. ముదురు గోధుమరంగు పీచు కప్పిన వేరుదుంప. నూనెలో నానితే ఘాటైన మట్టివాసన. మొక్క పెరిగేది హిమాలయాల్లో, సుమారు 3,000 మీటర్లు దాటాక. అక్కడి నుంచి ముజిరిస్ దాకా ఎన్ని చేతులు మారిందో!

బేతనియలో యేసుకు పూసిన అత్తరు ఇదే. 300 దేనారాలకు అమ్మొచ్చని సువార్త చెబుతుంది. అప్పట్లో అది కూలివాడి ఏడాది సంపాదన. ఆ అత్తరులోది జటామాంసేనని 1790లో కలకత్తా నుంచి వాదించినవాడు ప్రాచ్య పండితుడు విలియం జోన్స్. అంతకుముందు మన సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్, ఆ మొక్క వివరాలను తర్వాత అక్షరబద్ధం చేశాడు.

ఆ పరిమళం వెనక ఉన్నవి 15 కార్బన్ల సెస్క్విటెర్పీన్లు. వాటిలో ఒకదానికి రసాయనవేత్తలు జటామాన్సోన్ అనే పేరు పెట్టారు. ఇవి దాగేది వేరుదుంపలోనే. ఆకు కోస్తే మొక్క బతుకుతుంది, దుంప పెకలిస్తే ఇంకేం మిగులుతుంది? అందుకే 1997లో దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని అరుదైన జాతులను కాపాడే సైటిస్ ఒప్పందం నియంత్రణలోకి తెచ్చారు. అయినా నేపాల్ కొండల్లో తవ్వకం ఆగలేదు. అక్కడి పేద కుటుంబాలకు అదే రొక్కం.