భటులకు ధారవోసిన భూమి

లాస్ ఏంజిలిస్ మహానగరమునకు పడమటి దిక్కున, పసిఫిక్ తీరమునకు కొన్ని మైళ్ల దూరములో, గజము నేలకు సైతము సామాన్యుడు ఆశపడజాలని సంపన్నుల పేటల నడుమ, సుమారు 388 ఎకరముల ప్రభుత్వభూమి కలదు. అందొక పెద్ద ఆసుపత్రియు, 1900లో కట్టిన కొయ్య ప్రార్థనామందిరమును, చిరకాలము తలుపులు మూతవడియుండిన నివాసభవనములును ఉన్నవి. ఒక జాతి తన సైనికులకు చేసిన వాగ్దానమెట్టిదో, దానినెట్లు విస్మరించెనో, విస్మరించిన పిదప నెవరు జ్ఞాపకము చేసిరో తెలిసికొనగోరువారికి ఈ నేల చరిత్రమొక్కటి చాలును.

అమెరికా స్థలసేనలో కొలువుచేసి వృద్ధులైనవారికి ఆశ్రయమన్నది 1851లో వాషింగ్టన్ నగరపు శివారున నొక మిట్టమీద ఏర్పడెను. మెక్సికో యుద్ధమున జయము గొన్న జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్, ఆ దేశపు రాజధానినుండి వసూలైన యుద్ధశుల్కములో లక్ష డాలర్లకు పైబడిన ద్రవ్యమును ఇందులకై ప్రత్యేకించి పంపెను. లింకన్ అధ్యక్షుడు వేసవి నెలలలో సకుటుంబముగా వచ్చి నివసించిన కుటీరము ఆ ఆవరణలోనిదే. కాని ఆ గృహము స్థిరసైన్యమువారిది. 1861లో అంతర్యుద్ధము రగుల్కొనగా, పొలము విడిచి, బడి విడిచి, కొలిమి విడిచి, తమంత తాముగా కదలివచ్చిన లక్షలాది స్వచ్ఛందభటులకు అందు చోటు లేదు. వారిలో కాలో చెయ్యో కోల్పోయి, పని చేయు శక్తి యుడిగి, ఇంటికి భారమగుదుమేమో యని వెనుదిరుగుటకు సందేహించిన వేలమందికి దిక్కెవ్వరు?

ఈ ప్రశ్నను శాసనసభకంటె ముందుగా వేసికొన్నవారు స్త్రీలు. డెల్ఫిన్ బేకర్ అను నామె దేశములోని కవులచేతను, పత్రికాధిపతులచేతను, వర్తకులచేతను సంతకములు చేయించి, జాతీయగృహమొకటి కావలెనని కాంగ్రెసునకు అర్జీ సమర్పించెను. మిల్వాకీ పట్టణములో, యుద్ధకాలమున దారిన పోవు సైనికులకు అన్నము పెట్టి పక్క వేసిన మహిళాసంఘము, 1865లో పెద్ద సంత నొకదానిని నడపి లక్ష డాలర్లకు మించి ప్రోగుచేసెను. తమ చేతులమీదుగనే గృహమును నిర్మింపవలెనని వారి సంకల్పము; తర్జనభర్జనల పిమ్మట, తాము కూర్చిన ధనమును జాతీయసంస్థకు అప్పగించి, అది తమ పట్టణమునందే కట్టబడునట్లు చేసికొనిరి. ఆ స్త్రీలలో పెక్కుమంది పేర్లు నేడు చరిత్రగ్రంథముల పుటల అడుగున చిన్న అక్షరములలో మాత్రమే కనబడుట నాకు న్యాయముగా తోచదు. ప్రభుత్వమునకు దారి చూపినది వారే.

1865 మార్చి 3వ తేదీన లింకన్ సంతకము చేసిన చట్టమువలన స్వచ్ఛందభటుల జాతీయగృహసంస్థ జనించెను. దాని మూలధనపు ఏర్పాటు గమనింపదగినది: సేననుండి పారిపోయినవారిపైనను, సైనికన్యాయస్థానములలో శిక్షపడినవారిపైనను విధించిన జరిమానాలును, జప్తు చేసిన జీతములును ఈ సంస్థకు చెందవలెనని నిర్ణయించిరి. నిలువని వారి సొమ్ము నిలిచిన వారికి నీడయైనదన్నమాట. మెయిన్ రాష్ట్రములో, ఖనిజజలముల ఊటలున్న టోగస్ అను చోట, నడువక మూతపడిన విహారశాల నొకదానిని కొని, 1866లో తొలి శాఖను తెరచిరి. నల్లజాతి పటాలములలో పోరాడినవారికిని ఈ గృహములందు ప్రవేశము కలిగెను. లోపల వేరుపాటు లేకపోలేదు గాని, ఆనాటి అమెరికాలో ఆ తలుపు తెరచియుండుటయే గొప్ప విషయము.

పడమటి తీరమున శాఖ కావలెనని 1887లో నిశ్చయమైనప్పుడు భూదానము చేసినవారిలో ముఖ్యులిద్దరు: పూర్వపు స్పానిష్ భూస్వాముల వంశమునకు చెందిన ఆర్కేడియా బాందీని ద బేకర్ అను ధనికురాలు, వెండిగనులవలన ఐశ్వర్యవంతుడైన నెవాడా సెనేటరు జాన్ జోన్స్. వారు 1888లో, మొదట చెప్పిన లాస్ ఏంజిలిస్ పడమటి ప్రాంతమున, 300 ఎకరములకు దానపత్రము వ్రాసియిచ్చిరి. ఆ ప్రాంతముననే వారికి వేరు భూములుండెను. సమీపమందలి సాంటామోనికా పట్టణమును నెలకొల్పినవారిలో జోన్స్ ఒకడు. కనుక జనము వచ్చి చేరిన తమ భూములకు వెల పెరుగునన్న ఆలోచన ఆ దానమునకు తోడై యుండవచ్చును. అయినను పత్రములోని షరతు నిస్సందిగ్ధము: ఆ నేలపై సైనికగృహమును శాశ్వతముగా నడపవలెను. మన దేవాలయప్రాంగణములలో రాతిమీద చెక్కిన దానశాసనములు సూర్యచంద్రులున్నంతకాలమని పలికి, ఇచ్చిన భూమిని హరించువానికి పాపఫలమును చెప్పి ముగియును. కాలిఫోర్నియా దానపత్రములో ఆ శాపవాక్యము మాత్రమే కొఱవడినది.

అచ్చట జీవితము కొంత సైనికశిబిరము, కొంత గ్రామము. నీలిదుస్తులు ధరించిన వృద్ధభటులు కొమ్ము ఊదగా లేచి, వరుసగా భోజనశాలకు నడచి, ఒడలు సహకరించినవారు తోటలోను పాకశాలలోను పనిచేసి స్వల్పవేతనము గొనుచుండిరి. గ్రంథాలయము, వాద్యబృందము, ఆసుపత్రి, శ్మశానవాటిక, సమస్తమును ఆ ఆవరణలోనే లేక దాని యంచుననే ఉండెను. దాని వాకిట సాటెల్ అను ఊరు వెలసి, భటుల పింఛనులపై బ్రతికెను. తాళవృక్షముల వరుసలను, నీలగిరిచెట్ల తోపులను చూచుటకు విహారయాత్రికులు ట్రాము బండ్లలో వచ్చిపోవుచుండిరి.

1930లో ఈ గృహములన్నియు మాజీసైనికుల పరిపాలనాశాఖలో కలిసిపోయెను. 1944లో వచ్చిన చట్టము దృష్టిని మఱియొక వైపునకు త్రిప్పెను: సైనికుని ఒక ఆవరణలో నుంచి పోషించుటకంటె, అతడు తన యిల్లు తాను కట్టుకొనుటకు బ్యాంకు ఇచ్చు ఋణమునకు ప్రభుత్వము పూచీపడుట మేలని. లక్షలాది కుటుంబములు దానివలన ఇంటివారైరి. కాని పూచీ ప్రభుత్వముదైనను ఋణమిచ్చు చేయి స్థానిక బ్యాంకుది. 1947లో మిసిసిపీ రాష్ట్రపు 13 పట్టణములలో ఇట్లు మంజూరైన 3,229 ఋణములలో నల్లజాతివారికి దక్కినవి రెండు. ఒకే యుద్ధములో, ఒకే పతాకము క్రింద నడచినవారి మధ్య ఇట్టి పంపకము జరిగినదనిన చదువుచున్న కన్ను ఆ అంకెవద్ద ఆగిపోవును.

పశ్చిమ లాస్ ఏంజిలిస్‌లో నివాసులు క్రమముగా తగ్గిరి, ఆసుపత్రి పెరిగెను. 1971 నాటి భూకంపము తరువాత పాతభవనములు సురక్షితములు కావని వానిని ఖాళీచేయించిరి. సరిగా ఆ దశాబ్దముననే వియత్నామునుండి తిరిగివచ్చిన యువకులు, నిద్రపట్టని మనస్సుతో, మత్తుపదార్థముల వ్యసనముతో, పని లేక, ఊళ్ల వీథులలోనికి జారిపోవుచుండిరి. ఇచ్చినవాని యుద్దేశమును ఎదుట నిలిపి అడుగువారు లేకపోగా, ఆ నేలలో భాగములు కౌళ్లకు పోయెను: ఒకటి విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ మైదానమైనది, ఒకటి ధనికుల బడికి క్రీడాస్థలమైనది, ఒకటి హోటలు దుప్పట్లు ఉతుకు చోటైనది. కంచెకు వెలుపల కాలిబాటమీద మాజీసైనికులు పండుకొనుచుండిరి.

ఈసారియు మొదట కదలినవారు ప్రజలే. 1988 జూలైలో సాన్‌డియేగో పట్టణమున, వియత్నాం యుద్ధములో పాల్గొన్నవారి సంఘమొకటి పాఠశాల మైదానములో డేరాలు వేసి, వీథులలోని తమ సహచరులను మూడు దినములకు ఆహ్వానించెను. యుద్ధరంగమునుండి వెనుకకు వచ్చిన దళమునకు స్నానము, వేడి అన్నము, శుభ్రవస్త్రము, నిర్భయనిద్ర లభించు విరామమెట్టిదో, అట్టిదానినే వారు కల్పింపదలచిరి. మంగలి, దంతవైద్యుడు, న్యాయవాది, పింఛను కాగితములు వ్రాయు గుమాస్తా, వంటవాడు, అందరును స్వచ్ఛందముగా వచ్చినవారే. మఱుసటి సంవత్సరము న్యాయమూర్తియే మైదానమునకు వచ్చి, రోడ్డుపక్క నిద్రించుట వంటి చిన్న నేరములకు పేరుకొనిన వారంటులను అచ్చటికచ్చటనే పరిష్కరించెను. ఆ వారంటులుండగా పనిగాని అద్దెయిల్లుగాని దొరకుట దుర్లభము. తరువాత దేశమంతట పట్టణములు ఈ పద్ధతిని అనుసరించెను.

అద్దెలో అధికభాగమును గృహశాఖ చెల్లించి, మాజీసైనికుల శాఖ వైద్యమును, సలహాదారును సమకూర్చు పథకము 2008 నుండి విస్తరించెను. 2010లో ఒక రాత్రి లెక్కలో ఇల్లు లేక కనబడిన మాజీసైనికులు 74 వేలు. 2024 నాటికి సుమారు 33 వేలు. తగ్గినది నిజము, చాలదన్నదియు నిజము. పశ్చిమ లాస్ ఏంజిలిస్ భూమిపై 2011లో వ్యాజ్యము పుట్టి, కొన్ని కౌళ్లు చట్టవిరుద్ధములని 2013లో తీర్పు వచ్చి, 2015లో రాజీ కుదిరి, 1,200 ఇండ్లు కట్టుదుమని ప్రభుత్వము ఒప్పుకొనెను. పని నత్తనడక నడచెను. కంచెవెంబడి సాన్ వీసెంటే వీథిలో జెండాలు కట్టిన డేరాల వరుస వెలసెను. రెండవ వ్యాజ్యములో న్యాయమూర్తి డేవిడ్ కార్టర్ 2024లో, 1888 నాటి దానపత్రము ధర్మకర్తృత్వమును ఏర్పఱచెననియు, ఒప్పుకొన్నవి గాక మఱి 1,800 శాశ్వతగృహములును 750 తాత్కాలికగృహములును కావలెననియు తీర్పునిచ్చెను. ప్రభుత్వము అప్పీలునకు పోయెను.

ఇంతలో పాతభవనములు కొన్ని బాగుపడి తెరచుకొన్నవి. తాళపుచెవి చేతికి వచ్చిననాడు ఆ గదిలో గోడలు తప్ప వేరేమియు లేకపోవచ్చును గనుక పరుపు, దుప్పటి, వంటపాత్రలు, చీపురు తెచ్చి సర్దిపెట్టు స్వచ్ఛందసేవకుల అవసరము తీరలేదు. ఆ పనికి వచ్చువారిలో, ఒకప్పుడు తామును వీథినుండి లోపలికి వచ్చినవారు కొందఱుందురు. క్రొత్తగా వచ్చినవాడు మంచముపై గాక నేలపైనే పండుకొన్న మొదటివారములలో, అతనితో ఏమి మాటాడవలెనో, ఎప్పుడూరకుండవలెనో వారికి తెలియును.