వంశం, వారసత్వం: ఒక పరిశోధన చెప్పే పాఠం

గోదావరి జిల్లాల్లో కొడుకు పుడితే ‘వంశోద్ధారకుడు’ అంటారు. వాడికి తండ్రి పోలిక వస్తే ‘ఆ రక్తం ఎక్కడికి పోతుంది’ అంటారు. మన కథల్లోనూ నాటకాల్లోనూ పాత్ర స్వభావానికి ఈ ‘రక్తమే’ తరచు సంజాయిషీగా నిలుస్తోంది. ఈ నమ్మకంలో శాస్త్రం పాలెంత, ఆస్తి పాలెంత? పిఠాపురంలో 1937లో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు పరిశోధన ఈ ప్రశ్నకు కొంత దారి చూపుతుందని నా అభిప్రాయం.

‘డెయిలీ వర్కర్’ పత్రికలో కార్మికుల కోసం విజ్ఞాన వ్యాసాలు రాసిన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తా చేరాడు. ఆయన శిష్యుడైన కృష్ణారావు ఆంధ్రదేశంలో మగవారి చెవి డిప్పలమీద వెంట్రుకలు పెరిగే లక్షణాన్ని పరిశీలించి, 1960లో వంశవృక్షాలతో సహా ప్రకటించారు. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే సంక్రమించే వై క్రోమోజోము ఇందుకు కారణమన్నది ఆ ప్రతిపాదన. పాఠ్యగ్రంథాలు చాలాకాలం దీన్నే ఉదాహరణగా చూపాయి. అయితే 2004లో భారతీయ పురుషుల వై క్రోమోజోములనే పరీక్షించినప్పుడు ఆ సంబంధం నిలబడలేదు.

మగవారిలో కనిపించినంత మాత్రాన ఒక లక్షణం తండ్రి వైపునుంచే వచ్చిందనలేం. తల్లి మోసుకొచ్చిన జన్యువు ఆమెలో బయటపడకుండా కొడుకులో బయటపడవచ్చు. ఆ పోలిక మాతామహుడిది కావచ్చు. సంతతి లక్షణాల్లో తల్లిదండ్రులిద్దరికీ భాగముంటుందని మెండెల్ 1866లోనే బఠాణీ మొక్కలతో చూపాడు. పుట్టేది ఆడో మగో నిర్ణయించేది తండ్రి బీజకణం. అయినా మగబిడ్డను కనలేదన్న నింద కోడలిమీదే పడుతూ వచ్చింది.

ఎందుకు? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారాక డెల్టా భూమి సిరి అయింది. ఆ భూమి ఎవరికి చెందాలో చెప్పిన మితాక్షర న్యాయం పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు ఇచ్చింది, కూతురికి ఇవ్వలేదు. ప్రకృతి ఇద్దరికీ సమంగా పంచినదాన్ని చట్టం ఒకరికే కట్టబెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు దక్కింది 1985 సెప్టెంబరు 5 నుంచి మాత్రమే. దేశమంతటా కూతుళ్లందరికీ దక్కింది 2005లో.

కాబట్టి పాత్ర ప్రవర్తనకు ‘రక్తం’ అని కారణం రాసేముందు, ఆ ఇంటి దస్తావేజులో ఎవరి పేరుందో రచయిత ఒకసారి చూడాలి. వంశాభిమానానికి మూలం చాలావరకు అక్కడే దొరుకుతుంది.